ఆవిరికి వన్ బై టూ లేదు

మిట్టేమరిలో రామకృష్ణప్ప ఇంటి కోడలు అంబికకు రోజూ మల్బరీ తోటలోనే తెల్లవారుతుంది. కొడవలితో ఆకు కోసి, మూట కట్టి తెచ్చి, చెప్పులు బయట విడిచి, కాళ్ళు చేతులు కడుక్కుని పురుగులింట్లోకి పోవాలి. పట్టుపురుగుకు ఘాటు వాసన పడదు, చెయ్యి మురికి పడదు, కొత్త మనిషి అసలే పడడు. ఆకు మేపేవాళ్ళ మనసులో ఏముందన్న సంగతి మాత్రం దానికి పట్టదు. మీద ఆకు పడగానే సన్నటి వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ తింటుంది. అంబిక ఏళ్ళ తరబడి ఆ చప్పుడు వింటూ తన దిగులు దిగమింగుకుంది.

ఈ ఏడు ఆ చప్పుడూ లేకుండా పోయింది. వరసగా రెండు పంటలు, ఇంక గూడు కడతాయనుకున్న వేళకు పురుగులు సున్నపు ముక్కల్లా బిగుసుకుని చచ్చాయి. మొదటిసారి వాతావరణం అనుకున్నారు. రెండోసారి పురోహితుణ్ణి పిలిపించారు. ఆయన పంచాంగం తిరగేసి, "కర్మ జరగని జీవుడొకడు మీ వాకిట్లో తిరుగుతున్నాడు" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పే పని కూడా లేదు.

రామకృష్ణప్ప ఒక్కగానొక్క కొడుకు అమరనాథ్. పెళ్ళయి ఏడాది తిరక్కముందే పట్టుగూళ్ళు అమ్మడానికి మార్కెట్టుకు పోయినవాడు, వచ్చిన డబ్బు ఊరివాళ్ళ చేతికిచ్చి, "ఇంట్లో ఇయ్యండి, ఇప్పుడే వస్తా" అని అటునుంచి అటే పోయాడు. ఆ 'ఇప్పుడే' పన్నెండేళ్ళు సాగింది. పోలీసులకు చెప్పారు, మొక్కులు మొక్కారు, ఎవరో హిందూపురంలో చూశామంటే అక్కడికీ పరుగెత్తారు. మనిషి జాడ లేదు.

పన్నెండేళ్ళు కనబడని మనిషిని పోయినట్టే లెక్క. దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకు నిప్పు పెట్టి, కర్మ జరిపిస్తారు. బొమ్మ కాలాక పెళ్ళాం బొట్టు చెరుపుతారు, గాజులు పగలగొడతారు. అంబికకు అది రేపే.

నిజానికి ఈ పన్నెండేళ్ళూ ఆమె బతుకు ఏమంత చక్కగా సాగిందని! పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ఆమె దగ్గరకు రాగానే తడబడేవాళ్ళు. పెట్టాలా వద్దా అని పక్కవాళ్ళ మొహాలు చూసేవాళ్ళు. అప్పుడు అత్త కెంపమ్మ పళ్ళెం లాక్కుని, తన చేత్తోనే కోడలి నుదుట కుంకుమ అద్దేది, "ఏం చూస్తాండారు? కండ్లు కనపడవా?" అని వాళ్ళనొక కసురు కసిరి మరీ.

కర్మ సరుకుల కోసం ముగ్గురూ పొద్దున్నే బాగేపల్లి మీదుగా చిక్కబళ్ళాపురం వచ్చారు. రామకృష్ణప్ప దర్భలు, కొత్త గుడ్డ తేవడానికి అంగడివీధికి పోయాడు. బస్టాండులో కూర్చున్నాక అంబిక చాలాసేపు గాజులు తిప్పుకుంటూ ఉండి, చివరకు నోరు తెరిచింది.

"అత్తమ్మా, లానమ్మ హోటలుకు పోదామా?"

ఆ హోటలు పెట్టి మూడేళ్ళవుతోంది. బస్సు దాని ముందు నుంచి పోయిన ప్రతిసారీ అత్తాకోడళ్ళిద్దరూ మొహాలు తిప్పుకునేవాళ్ళు. ఒకరి భయం ఒకరికి తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

"పోదాం పా," అంది కెంపమ్మ. "రేపటికి ఎట్లాగూ ఆశ ఉండదు. ఈ దినమన్నా తెలుసుకుందాం."

లానమ్మది వియత్నాం. పరగోడు ఊరి ధనుంజయ అక్కడ గ్రానైటు ఫ్యాక్టరీలో పనికి పోయి, తిరిగొచ్చేటప్పుడు ఆమెను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆమె అల్లం, ఉల్లిగడ్డ నిప్పుల మీద కాల్చి, అనాసపువ్వు, చెక్క వేసి, సగం రోజు కాచి సూపు చేస్తుంది. దాంట్లో తెల్లటి బియ్యపు సేమియా, పైన కొత్తిమీర, నిమ్మచెక్క. మొదట్లో జనం ఆ సూపులో అద్దుకోవాలని రాగిముద్ద అడిగారు. లేదని చెబితే, ముద్ద మింగే అలవాటు కొద్దీ సేమియానే నమలకుండా మింగి ఉక్కిరిబిక్కిరయ్యారు. తర్వాత నేర్చుకున్నారు.

ఆ సూపు ఆవిరి సంగతి చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. మొదటి గుక్క తాగగానే, తాగిన మనిషిని ఎవరు ఎక్కువగా తలుచుకుంటున్నారో వాళ్ళ దిక్కుకు ఆవిరి వాలుతుంది. ఎవరూ తలుచుకోకపోతే నిట్టనిలువుగా పైకి పోతుంది. అందుకే ఆ హోటల్లో టేబులుకో ఫ్యాను, ఫ్యానుకో స్విచ్చి. మనిషి కూర్చోగానే లానమ్మ ఫ్యాను ఆపుతుంది. రిటైరయిన పిళ్ళప్ప మేష్టరు మాత్రం వారంవారం వచ్చి, మూలకు కూర్చుని, "ఫ్యాను ఉండనీ తల్లీ, ఉక్కగా ఉండాది" అంటాడు. పుష్యమాసం చలిలో కూడా అదే మాట. లానమ్మ ఫ్యాను ఆపకుండా, ఇంకొంచెం కొత్తిమీర వేస్తుంది.

అత్తాకోడళ్ళు తలుపు పక్క టేబులు దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. తలుపు అవతల చింతామణి ఊరికి పోయే రోడ్డు.

"మాంసం లేకుండా చెయ్యమ్మా, రేపు మా ఇంట్లో కార్యం ఉండాది," అంది కెంపమ్మ. "ఒకటి చాలు, ఇద్దరం పంచుకుంటాం. వన్ బై టూ."

లానమ్మ ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఆగింది. "ఒక గిన్నెకు ఒక మనిషే పెద్దమ్మా. ఆవిరికి వన్ బై టూ లేదు."

"మాకు అన్నీ వన్ బై టూనేమ్మా. కాఫీ అయినా అంతే, కష్టం అయినా అంతే. ఇద్దరికీ గొంతులో దిగేట్టు లేదు, రెండు గిన్నెలు ఏం చేసుకునేది?"

లానమ్మ ఇంక వాదించలేదు. పొగలు కక్కే పెద్ద గిన్నె ఒకటి, పక్కన ఖాళీ గిన్నె ఒకటి తెచ్చిపెట్టింది. పంచుకునే ముందు ఉప్పు చూద్దామని కెంపమ్మ ఒక చెంచా నోట్లో పోసుకుంది. అదే చెంచాతో అంబికకూ ఇచ్చింది. అంబిక కళ్ళు మూసుకుని తాగింది.

కళ్ళు తెరిచేసరికి ఆవిరి వాలి ఉంది. తలుపు వైపు, చింతామణి రోడ్డు వైపు, ఎవరో కొసపట్టి లాగుతున్నట్టు.

"ఉండాడు!" అంది అంబిక. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో మూలనున్న పిళ్ళప్ప చెంచా కిందపెట్టాడు. "అత్తమ్మా, ఉండాడు! నన్ను తలుచుకుంటాండాడు!"

కెంపమ్మ గిన్నె అంచు పట్టుకుని కూర్చుండిపోయింది, చెంపల మీద నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోను కూడా లేదు. అంబికకు ఒళ్ళంతా తేలికైంది. రాత్రి ఎన్నిసార్లు అనుకుంది, ఎక్కడున్నా నన్ను తలుచుకోకుండా ఎట్లుంటాడని! పిచ్చిదాన్ని కాదన్నమాట. పొద్దున్నే అద్దం ముందు పెట్టుకున్న ప్రతి బొట్టూ లెక్కలోకి వచ్చినట్టు అనిపించింది.

లానమ్మ మాత్రం నవ్వలేదు. "ఇద్దరు తాగినారు," అంది మెల్లగా. "ఎవరిదో దానికి తెలీదు. పంచు అక్కా."

అంబిక సగం సూపు, సగం సేమియా ఖాళీ గిన్నెలోకి వంచి, అలవాటు ప్రకారం ముందు అత్త ముందుకు తోసింది. మిగిలింది తను తీసుకుంది. ఇద్దరూ తలొక గుక్క తాగారు.

కెంపమ్మ గిన్నెలో ఆవిరి కదల్లేదు. చింతామణి వైపే వాలి ఉంది. అంబిక గిన్నెలోది ఒక్క క్షణం నిటారుగా నిలబడి, తలుపు వైపు చూడనైనా చూడకుండా, టేబులు దాటి నేరుగా పోయి కెంపమ్మ కళ్ళజోడును మసకబరిచింది.

కెంపమ్మ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, "నాది ఉప్పగా ఉండాది, నీది ఇట్లియ్యి" అని గబగబా గిన్నెలు మార్చేసింది. మార్చిన గిన్నెల్లో ఇద్దరూ తాగారు. సాయంత్రం ఎవరి దొడ్డికి అవి పోయే గొర్రెల్లా ఆవిర్లు రెండూ మళ్ళీ తమ దారే పట్టాయి, కెంపమ్మ ముందున్నది చింతామణికి, అంబిక ముందున్నది కెంపమ్మకు.

"చాలత్తమ్మా," అంది అంబిక. ఆ గొంతులో ఇందాకటి సంతోషం లేదు. "ఫ్యాను ఎయ్యి లానమ్మా."

"ఎయ్యొద్దు," అంది కెంపమ్మ. "ఉండనీ. దాన్ని దాచేదేమి ఉండాది? వానికి తల్లి గుర్తుండాది, కట్టుకున్నది గుర్తులేదు. అంతే కదా?"

"మరి నా ఆవిరి నీ తట్టుకు ఎట్ల వస్తాది? నీకు వాని చింత కదా, రాత్రి పగలూ?"

"నాకు యాడుందే తీరిక?" అంది కెంపమ్మ. "తెల్లారి లేస్తే ఈ పిల్ల తిన్నాదా, నిద్రపోయినాదా, నా కొడుకు చేసిన పనికి ఈమె గతి ఏమి అనేదే సరిపోతాంది. వాణ్ణి తలుచుకుందామని కూర్చుంటే మధ్యలో నువ్వే వస్తావు."

అంబిక ఏడ్చింది. మొగుడి కోసం దాచుకున్న ఏడుపు అంతా ఆ మాటకు వచ్చేసింది. కెంపమ్మ చెయ్యి చాచి ఆమె ముంజేతి మీద, గాజుల మీద పెట్టి, రెండో చేత్తో ఫోను తీసింది.

"ఇదో, ఇనపడతాందా? దర్భలు కొన్నావా? కొనుంటే వాపసు ఇచ్చెయ్యి. కర్మ లేదు, ఏమీ లేదు. లానమ్మ హోటల్లో ఉండాము."

అవతల అంగడి చప్పుళ్ళు. వాటి మధ్య రామకృష్ణప్ప, "ఎటు వాలినాది?" అని అడిగాడు.

"చింతామణి దిక్కు."

"కోడలిది?"

కెంపమ్మ టేబులు మీదికి చూసింది. "నా తట్టు."

"ఇచ్చేస్తా," అన్నాడాయన, ఫోను పెట్టేశాడు.

చింతామణి దిక్కున మురుగమల్ల దర్గా ఉంది. మతి చలించినవాళ్ళు, ఇల్లు విడిచినవాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి పడి ఉంటారు. ముందు అక్కడ చూస్తానని కెంపమ్మ లేచింది. అంబికా లేచింది.

"నువ్వు రావద్దు," అంది కెంపమ్మ. "కన్నందుకు నేను పోతాండా. దొరికితే అన్నం పెడతా. నీ ముందరికి తెచ్చి నిలబెట్టను. నువ్వు పిలిస్తేనే వాడు ఆ గడప తొక్కేది."

"మరి నేనేం కావల్ల అత్తమ్మా? పెండ్లాన్నీ కాకపోతి, విధవనూ కాకపోతి."

"అది నువ్వే చెప్పల్ల. నేను చెప్పను, మీ మామ చెప్పడు, పంచాంగం చెప్పేటాయన అసలే చెప్పకూడదు. ఇంట్లో ఉంటావా ఉండు. ఇంగొకణ్ణి చేసుకుంటావా చేసుకో. ఎవురన్నా నోరెత్తితే నాకు చూపించు."

బస్టాండు దాకా పోయి అంబిక అత్తను చింతామణి బస్సెక్కించింది. కిటికీ పక్కన కూర్చున్న కెంపమ్మ దారిలో తినడానికి పల్లీలు కొనుక్కుంటూ, "మామతో చెప్పు, రాత్రికి మాత్ర మింగమని" అని అరిచింది. బస్సు ఇంకా కదలకముందే అంబిక వెనక్కి నడిచింది. ఎటు పోవాలో తెలియక కాళ్ళు మళ్ళీ ఆ హోటలుకే తీసుకుపోయాయి. పాత గిన్నెలు అప్పటికే తీసేశారు.

"వన్ బై టూనా?" అంది లానమ్మ.

"కాదు. ఒకటి. నిండుగా."

ముప్పై నాలుగేళ్ళ వయసులో అంబిక మొదటిసారి ఒక్కతే ఒక గిన్నె ముందు కూర్చుంది. రేపు ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. భయం వేసింది కూడా. మొదటి గుక్క తాగి, ఇప్పుడింక నిలువుగానే పోతుందేమో, తనూ ఫ్యాను అడగాల్సి వస్తుందేమో అనుకుంది. మూలనుంచి పిళ్ళప్ప మేష్టరు కూడా మెడ చాచి చూస్తున్నాడు.

ఆవిరి ముందు బస్టాండు వైపు వాలింది. కాసేపటికి, గడియారపు పెద్ద ముల్లులా నెమ్మదిగా, తలుపు వైపుకు జరగడం మొదలుపెట్టింది. అత్త ఎక్కిన చింతామణి బస్సు హారను కొడుతూ హోటలు ముందు నుంచి పోయింది. ఆవిరీ దానితోపాటు తిరిగి, ఆ రోడ్డు వెంబడే దూరంగా చూస్తూ నిలిచింది. అటువైపు ఎవరున్నారో ఈసారి ఆమెకు ఎవరూ చెప్పే పనిలేదు.

ఆకు కోతకు దిగేముందు తోసుకున్నట్టు గాజులు మోచేతి దాకా తోసుకుని, అంబిక తినడం మొదలుపెట్టింది.