జపాన్ గడపలో ముగ్గు

జపాన్ వాళ్ల స్నేహ స్కాలర్‌షిప్ నాకే వచ్చిందని మెయిల్ చూడగానే హైటెక్ సిటీ మెట్రో మెట్ల మీదే గంతేశాను. పెళ్లయి రెండు నెలలే, సంతోషాలన్నీ వరుసకట్టి వస్తున్నాయి. మా ఆయన వేణు వెంటనే మిర్చి బజ్జీలు కొన్నాడు.

సాయంత్రం మియాపూర్‌లోని మా ఫ్లాట్ నుంచి, జపాన్‌లో నేను ఏడాదిపాటు ఉండబోయే ఇంటి పెద్దావిడకు వీడియో కాల్ చేశాం. ఆమె నా గది చూపించింది. ఆ గది గడప ముందు తెల్లటి పద్మం ముగ్గు, ఒక రేక తక్కువ. మా వాకిట్లో ముగ్గేసేటప్పుడు నేనూ రోజూ ఒక రేక మర్చిపోతాను, వేణు రోజూ ఎగతాళి చేస్తాడు.

"ఎవరు వేశారండీ?" అన్నాను.

"నువ్వే కదమ్మా, పొద్దున!" వచ్చీరాని ఇంగ్లీషులో నవ్విందావిడ. "స్నానానికి వెళ్లి, ఫోన్ చేస్తున్నావేంటి?"

ఆమె వెనుక మూసిన తలుపు లోంచి నీళ్ల చప్పుడు, దానితోపాటు నా కూనిరాగం వినిపించాయి. కాల్ కట్ చేసేశాను.

"ఏందే, నువ్వు పోకముందే పోయినవా?" వేణు నవ్వబోయి ఆగాడు. "జర ఆలోచించు వసంతా, వద్దని రాసేద్దాం."

"నేను తెచ్చుకున్న సీటు వేణూ, ఎవరికీ ఇయ్య. రేపు మళ్ల ఫోన్ చేద్దాం. ఆ తలుపెనకున్న ఆమెనే పిలువుమని పెద్దామెను అడుగుత."