పేపరు రాని మూడు రోజులు

మూడు రోజులుగా మా ఇంటికి పేపరు రావడం లేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పినవాణ్ణి. కాఫీతోపాటు జిల్లా పేజీ చదవకపోతే నాకు ఏమీ తోచదు. ఎల్లుండి మా అమ్మాయి శరణ్య పెళ్ళి. మా ఆవిడ బాలసరస్వతిని అడిగితే, "పేపరతను ఊరెళ్ళేడుటండీ" అంది. పక్కింట్లో అడుగుదామని లేస్తే పందిరివాళ్ళు పిలుస్తున్నారంది. పెళ్ళింటి నిండా జనమే, ఒక్క పేపరు తెచ్చే దిక్కు లేదు. ఒళ్ళు మండిపోయింది.

మా తమ్ముడి కొడుకు వెంకటసాయిరాం అమలాపురం కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. నా కొత్త సెల్‌ఫోన్ వాడి చేతిలో పెట్టి, వార్తలు వచ్చేది ఏదైనా ఎక్కించమన్నాను. ఎక్కించాడు. తెరిస్తే అక్షరాలకు బదులు అన్నీ డబ్బాలే.

"ఈ ఫోన్లకి తెలుగు రాదు పెదనాన్నగారూ. ఇంగ్లీషువి చూసుకోండి. క్రికెట్ బాగా వస్తుంది."

"నాకు క్రికెట్ దేనికిరా? మన జిల్లా వార్తలు కావాలి!"

"పెళ్ళయ్యేక వేరేది చూద్దామండీ" అన్నాడు, నా ముఖం చూడకుండా.

పెళ్ళికీ వార్తలకీ ఏం సంబంధం? వక్కలు తెస్తానని చెప్పి బస్సెక్కాను. అమలాపురం గడియారస్తంభం దగ్గర శివనాగరాజు సెల్ దుకాణం ఉంది. ఫోను అతనికిచ్చి, తెలుగు వార్తలు కనబడేది కావాలన్నాను.

"వార్తలు తెరిచేవి రెండు రకాలున్నాయండీ. ఇది గబగబా తెరుచుకుంటదండీ, తెలుగు రాదు. ఇంకోటి నిదానమండీ. అక్షరాల్ని బొమ్మల్లాగ దింపుద్దండీ, తెలుగు సుబ్బరంగా కనబడుద్ది."

"నిదానమైనా అదే పెట్టు. మా సాయిరాంకి ఈ సంగతి తెలీదు కాబోలు."

"తెలియకేమండీ? ఆయన ఫోన్లో నేనెక్కించింది ఇదేనండీ."

వెధవ! ఇంటికెళ్ళి వాడి చెవి మెలిపెట్టాలనుకుంటూ దుకాణం బల్ల మీదే కూర్చుని తెరిచాను. నిజంగానే తెలుగు. జిల్లా వార్తలు కిందికి నొక్కుకుంటూ పోతే మొన్నటివి వచ్చాయి. కొత్తపేటలో విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు జగన్మోహనరావు కన్నుమూత.

మా పెదనాన్నగారి అబ్బాయి. మా జగన్నయ్య. నాలుగేళ్ళ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పేపరు మీద నా వేలు పట్టి జరుపుతూ చదవడం నేర్పినవాడు. మోకాళ్ళ నొప్పులట, పెళ్ళికి రాలేడట అని నాలుగు రోజుల కిందటే మా ఆవిడ చెప్పింది.

మావాళ్ళలో చావుకబురు చెవిన పడితేనే తలస్నానమూ, మైలా. పడకపోతే లేదు. కన్యాదానం చేసేవాణ్ణి, నాకు తెలిస్తే పది రోజుల మైల, పెళ్ళి ఆగిపోతుంది. అందుకని అందరూ కలిసి పేపరు మాన్పించారు. వంటబ్రాహ్మడికి కూడా తెలిసే ఉంటుంది. మా అన్నయ్య కాలిపోతుంటే నేను పందిరి గుంజలు లెక్కపెడుతూ తిరిగాను. అందరి మీదా కోపం. ఉన్నవాళ్ళ మీదా, సరిగ్గా ఈ పెళ్ళి వేళకే పోయిన ఆయన మీదా. అరవడానికి వీల్లేదే! అరిస్తే తెలిసినట్టే. శరణ్య గోరింటాకు పెట్టుకుంటూ ఉంటుంది.

ఇంటికొచ్చాను. వక్కలు మరిచిపోయాను. సాయిరాం పందిట్లో దీపాల తోరణం కడుతున్నాడు. ఫోన్ వాడికిచ్చాను.

"ఇందులో ఉన్నది తీసెయ్. నువ్వు పెట్టిందే మళ్ళీ పెట్టు."

"ఏం, పెదనాన్నగారూ?"

"డబ్బాలే బాగున్నాయి."

వాడు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. వాడి చేతిలోని తోరణం జారి కింద పడింది. బటన్లు నొక్కడం మొదలుపెట్టాడు.

మా ఆవిడ నూతిగట్టు దగ్గర నుంచి అంతా విన్నట్టుంది. పొద్దున నేను చేసిన స్నానం సంగతి ఎత్తలేదు.

"ఎండనపడొచ్చేరు. నీళ్ళు తోడేనండీ. తలమీంచి పోసుకోండి" అంది.

కట్టుబట్టలతోనే పోసుకున్నాను, బిందె తరవాత బిందె. ఆవిడ తువ్వాలు పట్టుకుని అటు తిరిగి నిలబడింది.