అరవై ఒకటో బిళ్ళ

గుడ్డను జిడ్డు వదిలించే మందులో ముంచి, పిండి, మళ్ళీ రుద్దాడు. ఇరవై రెండేళ్ళ జిడ్డు తారులా గడ్డకట్టి ఉంది. విమానం రెక్క కింద ఇనుప మెట్ల బల్ల ఎక్కి, మెడ వెనక్కి వంచి, ఉదయం ఏడు నుంచి ఇదే పని. మందు మోచేతుల మీదుగా కారి చంకల్లోకి దిగి మండుతోంది. మండనీ అనుకున్నాడు. కడుపులో మంట ముందు ఈ మంట ఏ పాటిది.

షెడ్డులో అందరూ ఆయన్ని తీగమామ అంటారు. ఇంజనుకు బిగించిన బోల్టు అదురుకు వదులు కాకుండా, దాని తలలో ఉన్న బెజ్జంలోంచి సన్నని ఉక్కుతీగ దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకు కడతారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన చేతిపని అదే. ఆయన మెలి జడ అల్లినట్టు ఉంటుంది. తీగ మొనలు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. గోళ్ళు మాత్రం బాగున్నాయి. మనిషి మాట్లాడడు. అడిగినదానికి కూడా సగమే చెబుతాడు.

ఆ సరుకుల విమానానికి నాలుగు ఇంజన్లు. మూడు చోట్ల పాతవి దించి కొత్తవి ఎక్కించారు. నాలుగోది నిన్న సాయంత్రం దిగింది, అది వేలాడే చట్రంతో సహా. కొత్తవి లావుగా, తెల్లగా, మూతి వెడల్పుగా ఉన్నాయి. నూనె తక్కువ తాగుతాయట. అరుపు తక్కువట. వాటి బోల్టులకు తీగ కూడా అక్కర్లేదట.

"ఇక జడలు ఎవరికి వేస్తావు మామా? ఇంటికెళ్ళి అత్తకే వెయ్యాలి," అన్నాడు ఇంజనీరు. పక్కవాళ్ళు నవ్వారు. తీగమామ నవ్వలేదు.

పాత ఇంజను షెడ్డు మూల బండి మీద పడి ఉంది. మూతికి గోనెపట్టా కట్టారు. పక్కన ఎవడో సుద్దముక్కతో "తుక్కు" అని రాశాడు. ఆయన నాలుగుసార్లు విప్పి కట్టిన ఇంజను అది. ఒక్కసారి కూడా గాలిలో ఆగలేదు. ముసలిదాన్ని ముసలిది అనాలి గాని తుక్కు అంటారా? పొద్దున వచ్చీ రాగానే గుడ్డతో ఆ మాట తుడిచేశాడు. తర్వాతే పనిలోకి దిగాడు.

పాతది పోతుంది, కొత్తది వస్తుంది. దానికి ఆయనకు బాధ లేదు. కొత్తదాని బరువు పాతదానికి ఒకటింబావు రెట్లు. అంత బరువునీ మోసేవి మాత్రం రెక్క కిందున్న ఆ పాత రెండు చెవులే. గంగాళం చెవుల్లాంటి మందపాటి ఉక్కు ముక్కలు. పోయిన నెల పరీక్షవాళ్ళు వచ్చి, పాత ఇంజను వేలాడుతుండగానే, రంగు మీదనుంచే పరికరం పెట్టి చూసి, బాగున్నాయని ముద్ర కొట్టి పోయారు. రేపు పెద్దవాళ్ళు వచ్చి రిబ్బను కత్తిరించాలి. అందుకని ఆ తొందర.

జిడ్డు వదిలింది. దానితో పాటు రంగు కూడా పెచ్చుగా లేచింది. కింద ఉక్కు తెల్లగా కనబడింది. ఆయన బొటనవేలి గోరు చెవి అంచు మీద పెట్టి మెల్లగా లాగాడు.

గోరు ఆగింది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది. కింది నుంచి పైకి లాగినా అక్కడే.

బల్ల దిగి పనిముట్ల గది కిటికీ దగ్గరికి నడిచాడు. ఎడమ చెయ్యి బరువుగా ఉంది. రాత్రి పడుకోవడంలో తేడా వచ్చిందనుకున్నాడు.

కిటికీ వెనక ఉండే మనిషిని బిళ్ళలాయన అంటారు. గోడ మీద చెక్కపలక. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారమూ నల్లరంగుతో గీసి ఉంటుంది. పనిముట్టు తీసుకున్నవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అది వేలాడిన మేకుకు తగిలించాలి. తిరిగిచ్చి బిళ్ళ తీసుకోవాలి. సాయంత్రం పలక మీద ఒక్క బిళ్ళ మిగిలినా విమానం కదలకూడదు. ఆ పనిముట్టు దొరికేదాకా పని జరిగిన చోటల్లా విప్పి వెతకాలి. పై అధికారి వచ్చి చెప్పినా సరే, బిళ్ళలాయన సంతకం పెట్టనిదే షెడ్డు తలుపు తెరుచుకోదు.

ఆ నిబంధన తీగమామ వల్లే వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట ఆయన పట్టకారు ఒకటి ఇంజను లోపల మరిచాడు. నేల మీద నడిపి చూస్తుంటే ఇంజను దాన్ని మింగి, తన లోపలి రెక్కలు తానే నమిలి ఊసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆర్నెల్లు ఎవరూ ఆయన ముఖం చూసి మాట్లాడలేదు. ఆయనకు మాట తగ్గిపోయింది అప్పుడే. ఆ తర్వాత ఆయన అరవై ఒకటో బిళ్ళ ఒక్క రాత్రి కూడా మేకు మీద నిద్రపోలేదు.

"ఏం కావాలి బావా?" అన్నాడు బిళ్ళలాయన. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరూ ఒకే నెలలో పనిలో చేరారు, అంతే.

"అద్దం."

"ముఖం చూసుకోవడానికా? ఇప్పుడా? ఆ సరదా పెళ్ళికి ముందు ఉండాలి."

తీగమామ బిళ్ళ తగిలించి అద్దం తీసుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటిది, పొడుగు కాడ, చివర రూపాయంత గుండ్రటి అద్దం. మడిస్తే జేబులో పడుతుంది. బల్ల ఎక్కి అద్దం చెవి వెనక్కి పోనిచ్చి చూశాడు. గీత అటు కూడా ఉంది. వెంట్రుకంత పగులు. ముందు నుంచి వెనక్కి దాటిపోయింది.

ఇంజనీరును పిలిచాడు. ఆయన వచ్చి టార్చి వేసి చూశాడు.

"గీత మామా. రంగు గీత."

"రంగు పోయింది. గీత ఉంది."

"పోయిన నెలేగా పరీక్షించింది. కాగితం ఉంది."

"కాగితం జిడ్డు మీద పరీక్షించింది."

ఇంజనీరు టార్చి ఆర్పాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడు దీన్ని పుస్తకంలో రాస్తే విమానం నాలుగు రోజులు ఆగిపోతుంది. రేపు వచ్చేవాళ్ళకు ఏం చెప్పమంటావు? నువ్వు ముందు కళ్ళజోడు మార్చుకో."

"నా గోరుకు కళ్ళజోడు లేదు."

"నీకు ముద్ర ఉందా? లేదు కదా. పుస్తకంలో రాయగలవా? లేవు కదా. మరి తుడిచి దిగు."

అంతే. ముద్ర లేనివాడి మాట గాలిమాట. తీగమామ దవడలు బిగించి నిలబడ్డాడు. చేతిలో గుడ్డ ఉంది. అది వాడి ముఖాన కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. ఆ విమానంలో కూర్చునేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒక్కడి పేరు కూడా ఆయనకు తెలియదు. కాని షెడ్డులోంచి వెళ్ళేముందు వాళ్ళు చెయ్యి ఊపుతారు. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరో ఒకరు ఊపుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం కొత్త ఇంజను ఎక్కింది. గొలుసులు కిర్రుమంటూ లేపుతుంటే చెవులు కనబడకుండా పోయాయి. ఆయన్ని పక్కకు నిలబడమన్నారు. నిలబడ్డాడు. తెచ్చుకున్న డబ్బా విప్పలేదు. టీ ఎవరో ఇస్తే చేతిలోనే చల్లారిపోయింది. రొమ్ములో ఏదో బిగుసుకుని వదిలింది. కోపం అనుకున్నాడు.

అయిదు గంటలకు గంట మోగింది. అందరూ కిటికీ దగ్గర వరసగా పనిముట్లు ఇచ్చి బిళ్ళలు తీసుకున్నారు. తీగమామ చివరన వచ్చాడు. రెండు చేతులూ ఖాళీ.

"అద్దం ఏది బావా?"

"కనబడట్లా."

బిళ్ళలాయన తలెత్తాడు. "నీదా? కనబడకపోవడమా?"

"నాలుగోదాని చెవి వెనక పడిందేమో. మొత్తం దించి, విప్పి చూడండి."

బిళ్ళలాయన ఆయన ముఖం చూశాడు. తర్వాత చొక్కా జేబు చూశాడు. జేబు నిలువునా పొడుచుకుని ఉంది.

"ముప్పై ఏళ్ళ పేరు బావా," అన్నాడు. "రేపు పొద్దున మళ్ళీ అందరూ పాత పట్టకారు కథ ఎత్తుతారు. ఇంకో నాలుగు నెలల్లో దర్జాగా ఇంటికి పోయేవాడివి."

"ఎత్తనీ."

"ముసలాడికి చేతులు వణుకుతున్నాయంటారు."

"అననీ. నువ్వు బిళ్ళ తియ్యకు."

ఆ రోజు ఆయన మాట్లాడిన మాటల్లో అదే చివరిది.

ఇల్లు నడిచి వెళ్ళే దూరమే. దారంతా దవడ నొప్పి పుట్టేదాకా పళ్ళు కొరుకుతూనే నడిచాడు. గుమ్మంలో చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. గోళ్ళ కింది నలుపు పోలేదు. ఎప్పుడూ పోదు. వరండాలో కుర్చీలో కూర్చుని ఒక బూటు విప్పాడు.

"ఏమండీ, భోజనానికి రండి," అంది భార్య లోపల నుంచి.

జవాబు లేదు. ఆమెకు అది కొత్త కాదు. మూడుసార్లు పిలిస్తేగాని ఊఁ అనని మనిషి. కంచం పెట్టింది. మంచినీళ్ళు పెట్టింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది. ఒక కాలికి బూటు ఉంది. రెండో బూటు ఒళ్ళో ఉంది.

తెల్లవారి బిళ్ళలాయన వచ్చాడు. గుమ్మం పక్కన చాలాసేపు తలవంచుకుని నిలబడ్డాడు. జనం కాస్త పలచబడ్డాక ఆమె లోపలికి వెళ్ళి, చొక్కా జేబులోంచి తీసిన అద్దాన్ని తెచ్చి చాపింది.

"ఇది మీ షెడ్డుదేమో అన్నయ్యా. మీ బావ ఎప్పుడూ ఏదీ ఇంటికి తెచ్చి ఎరగరు. తీసుకెళ్ళి ఇచ్చెయ్యండి. చివరికి ఆయనకు మాట రాకూడదు."

బిళ్ళలాయన అద్దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాడ మీద షెడ్డు గుర్తు చెక్కి ఉంది. బొటనవేలు దాని మీద పెట్టి కప్పాడు. ముప్పై ఏళ్ళలో తన పలక గురించి ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు.

"మాది కాదమ్మా," అన్నాడు. "బావ ఎక్కడో కొనుక్కున్నాడు. జాగ్రత్తగా దాచుకో. ఎవరడిగినా ఇవ్వకు."

షెడ్డులో ఇంజనీరు కిటికీ మీద గుద్దుతున్నాడు. పెద్దవాళ్ళ కార్లు బయట ఆగి ఉన్నాయి. రిబ్బను కట్టి ఉంది.

"మనిషే పోయాడు కదయ్యా! ఇంకా బిళ్ళ ఏమిటి? తీసెయ్!"

"మనిషి పోయాడు సారూ. అద్దం రాలేదు. దించండి."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీండి. ముందు ఇంజను దించండి."

రెండో రోజుకు దించారు. చెవి వెనక అద్దం దొరకలేదు. పనిముట్టు పోయిన చోట ఇంజను తిరిగి ఎక్కించాలంటే పరీక్షవాళ్ళను మళ్ళీ పిలవక తప్పలేదు. శుభ్రం చేసిన చెవి మీద ఎర్రమందు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లారు. పొడి మీద ఎర్రటి గీత మెల్లగా ఊరి పైకి వచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఇంజనీరు దాని వంక చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

రెండు చెవులూ మార్చారు. అద్దం దొరక్కపోయినా విమానం వెళ్ళడానికి పై ఆఫీసు నుంచి ప్రత్యేకంగా కాగితం వచ్చింది; బిళ్ళలాయన దాని మీద సంతకం పెట్టాడు. పలక మీద చోటు నింపడానికి కొత్త అద్దం కూడా వచ్చింది. బిళ్ళలాయన దానికి పక్కన వేరే మేకు కొట్టుకున్నాడు. పాత మేకు జోలికి పోలేదు.

నల్లరంగుతో గీసిన ఖాళీ అద్దం ఆకారం మీద, వేళ్ళ రాపిడికి అంకె సగం అరిగిన ఇత్తడి బిళ్ళ, షెడ్డు తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే గాలికి కొంచెం కదులుతూ ఉంది.