నంబరు ఇచ్చిందెవరు?

మెకానిక్ చొక్కా జేబులో ఫోను వణికింది. తీసి చూశాడు. మళ్ళీ అదే.

"నాన్న గారూ! ఎదుటివారి మాటలు సరిగ్గా వినపడటం లేదా? వినికిడి యంత్రాల మీద సగానికి సగం తగ్గింపు. నేడే రండి!"

"ఎవడ్రా నీకు నాన్న?" అని ఫోను మీద కసిరాడు. వస్తువు అమ్ముకునేవాడు సార్ అనొచ్చు, అయ్యా అనొచ్చు. మరీ ఇలా వరస కలుపుకుని ఇంట్లోకి జొరబడితే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

సెల్లు అన్నాక అడ్డమైన మెసేజీలూ వస్తాయి. స్థలాలు కొనమని ఒకడు, పొట్ట తగ్గిస్తానని ఒకడు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తానని ఇంకొకడు. వాటిని ఆయన చదవను కూడా చదవకుండా చెరిపేసేవాడు. ఈ చెవుల గొడవ మాత్రం అలా కాదు. ఇది వచ్చినప్పుడల్లా గుండె జారేది. ఎందుకంటే అందులో ఉన్నది నిజం.

కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి సగం పని చెవులదే. చక్రం ఒక్కసారి తిప్పి, చెవి ఒగ్గి, రోగం ఎక్కడుందో చెప్పేస్తాడని ఆయనకి పేరు. ఏడాదిగా ఆ చప్పుడు దూది చుట్టినట్టు వినపడుతోంది. అందుకని అరచెయ్యి మిషను మీద ఆనించి, అదురుని బట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఈ సంగతి బయటికి పొక్కితే ఇక దుకాణం కట్టేసుకోవలసిందే. చెవుడొచ్చిన మెకానిక్కుకి మిషను ఎవరిస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. కన్నకూతురికి కూడా చెప్పలేదు. భార్య పోయాక ఇంట్లోనూ దుకాణంలోనూ ఆయనకి తోడు ఆ పిల్లొక్కతే. వచ్చిన మిషన్లలో సగం పక్క బల్ల మీద ఆమే విప్పుతుంది, ఆమే బిగిస్తుంది.

మరి ఎవరికీ చెప్పని సంగతి ఆ మెసేజీలవాడికి ఎలా తెలిసింది?

నంబరు బ్లాక్ చేశాడు. మర్నాడు ఇంకో నంబరు నుంచి వచ్చింది. "ఆపండి" అని జవాబు కొట్టాడు. ఆపలేదు సరికదా, "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అంటూ మరొకటి పంపారు.

దాంతో ఆయన కంటికి అందరూ దొంగల్లాగే కనపడసాగారు. కళ్ళజోళ్ళ దుకాణంవాడు మొన్న నంబరు రాసుకున్నాడు, వాడేమో? వీధి చివరి దర్జీ మిషను తెచ్చినప్పుడు చెప్పిందే రెండుసార్లు చెప్పాడు, పైగా చేతులు తిప్పుతూ చెప్పాడు. వాడేమో? ఎవరైనా ఇద్దరు ఎదురుగా నిలబడి పెదవులు కదిపితే చాలు, తన గురించే అనుకునేవాడు. ఆ అనుమానం తిరిగి తిరిగి చివరికి బావమరిది మీద వాలింది.

బావమరిది రెండు దుకాణాల అవతల కొత్త కుట్టుమిషన్లు అమ్ముతాడు. నలుగురు నిలబడితే ఊపిరాడని గదిని పట్టుకుని షోరూం, షోరూం అంటాడని వీధిలోవాళ్ళు అతనికే ఆ పేరు తగిలించారు. పాతవి బాగుపడటం మానేస్తే కొత్తవి అమ్ముడుపోతాయి. ఇంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి?

ఫోను పట్టుకుని విసవిసా వెళ్ళాడు. షోరూం ఎవరో దంపతులకి మిషను చూపిస్తున్నాడు.

"నా పొట్ట కొట్టాలని ఎన్నాళ్ళనుంచి చూస్తున్నావురా?" అని గుమ్మంలోంచే అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదయిందో ఆయనకి తెలియలేదు. బేరానికొచ్చినవాళ్ళు మెల్లిగా జారుకున్నారు.

షోరూం ఫోను లాక్కుని చదివాడు. మొదట అతని మొహం ఎర్రబడింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆ నవ్వూ పోయింది. దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు.

"నేను నీ నంబరు ఇచ్చుంటే ఇక్కడ 'బావ గారూ' అని ఉండేది. నా ఫోనులో నువ్వు బావవి. మనం నంబరు ఏ పేరుతో పంపితే వాళ్ళ కంప్యూటరు ఆ పేరుతోనే పిలుస్తుంది. నిన్ను నాన్న అని రాసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు బావా?"

ఒక్కతే ఉంది.

ఫోను తీసుకుని వెనక్కి నడిచాడు. బావమరిది మోసం చేస్తే కోపం వస్తుంది. కూతురు చేస్తే ఏం రావాలో ఆయనకి తెలియలేదు.

కూతురు మిషనుకి బెల్టు ఎక్కిస్తోంది. ఆయన ఫోను ఆమె ముందు పెట్టాడు.

"నా పరువు తీసింది నువ్వా?"

ఆమె బెదరలేదు, ఆశ్చర్యపోయింది. బెల్టు వదిలేసి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అడిగే ఇచ్చాను కదా నాన్నా! నువ్వు మిషను మీద చెవి ఒగ్గడం మానేసి చెయ్యి ఆనించడం కనిపెట్టాను. చెవులు పరీక్ష చేసే చోటు ఒకటుంది, నీ నంబరు ఇవ్వనా అన్నాను. తలూపి, 'నీ ఇష్టం తల్లీ' అన్నావు. నా ఫోనులో ఎలా ఉందో అలాగే పంపేశాను."

"నేనెప్పుడన్నాను?"

"ఇక్కడే. నువ్వు ఆ మిషను మీదికి వంగి ఉన్నావు, నేను నీ వెనకాల ఉన్నాను."

ఆయనకి గుర్తులేదు. అసలు వినపడితే కదా గుర్తుండటానికి! వెనకనుంచి ఏదో గొణుగుడు వచ్చినప్పుడల్లా తలూపి, నవ్వి, నీ ఇష్టం తల్లీ అనేవాడు. ఏమిటని అడిగితే బయటపడిపోతానని భయం. వీధిలో అందర్నీ అనుమానించాడు గాని, అనుమానించవలసిన తలకాయని తన మెడ మీదే పెట్టుకు తిరిగాడు. సిగ్గుతో నవ్వబోయాడు. అంతలో ఇంకో భయం పట్టుకుంది.

"అమ్మలూ, ఇంకా వేటికి తలూపాను?"

ఆమె చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ నిలబడింది.

"చెప్పమ్మా. నువ్వేమన్నావు, నేనేమన్నాను?"

"బట్టల ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే ఉద్యోగం వచ్చిందన్నాను. దూరం, అక్కడే ఉండాలన్నాను. వెళ్ళనా, ఉండనా అని అడిగాను." ఆమె గొంతు తగ్గించలేదు. "నువ్వు నవ్వావు. నీ ఇష్టం తల్లీ అన్నావు. ఉండమని ఒక్క మాటైనా అనలేదని ఇంటికెళ్ళి ఏడ్చాను. వస్తానని వాళ్ళకి చెప్పేశాను నాన్నా. వచ్చేవారమే."

ఆయన స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నాకు వినపడటం లేదమ్మా," అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు. "మళ్ళీ అడుగు. నా మొహం చూసి అడుగు."

"వెళ్ళనా, ఉండనా నాన్నా?"

ఈసారి ప్రతి మాటా వినపడింది. వెళ్ళొద్దు అందామని నోరు తెరిచాడు. ఆమె వాలకం చూస్తే, తను ఏమన్నా సరేనని తలూపేసేలా ఉంది. ఆయన ఆగిపోయాడు.

"నీకు వెళ్ళాలని ఉందా?" అని అడిగాడు. అడిగి, ఆమె పెదవులు కదిలేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.