అలివేలమ్మ చెప్పిన సాక్ష్యం

మా అత్తగారు అలివేలమ్మను సాక్షిగా పిలుస్తామని వకీలు సుభాన్ బాషా గారు అనగానే వద్దని మొత్తుకున్నాను.

పోయిన ఏడాది మేము శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి వస్తున్న ప్రైవేటు బస్సు, రేణిగుంట దాటగానే రోడ్డు పక్క మోరీ గోడను గుద్దింది. ఒళ్ళో ఉన్న నా కూతురు వల్లికి గీత కూడా పడలేదు. దాన్ని అదుముకున్న నా కుడిచెయ్యి మాత్రం సీటు కమ్మీ కింద నలిగింది. ఎముక అతికింది గానీ వేళ్ళు ముడుచుకోవు. వేలూరులో ఆపరేషన్ చేస్తే పట్టు వస్తుందన్నారు. మావారి గుమాస్తా జీతంతో అయ్యే పనా అది? పిల్లను ఎడమచేత్తో ఎత్తుకుని, జారిపోతుందేమోనని రోజూ చచ్చి బతుకుతున్నాను.

దారి చెప్పింది బాషా గారే.

"ఆర్నెల్లలోపల చిత్తూరు కోర్టులో క్లెయిము వేసుకోవచ్చమ్మా. పోలీసు కేసు వేరే, ఇది వేరే. బస్సు ఓనరు మీద, బీమా కంపెనీ మీద వేస్తాం. డ్రైవరు అజాగ్రత్తని తేలితే బీమావాళ్ళు కట్టాల్సిందే."

గడువు లోపలే వేశాం. కానీ తేల్చేదెవరు? నేను వంగి పిల్లకు పాలసీసా పడుతున్నాను, ఏమీ చూడలేదు. చూసింది డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న మా అత్తగారు. ఆవిడేమో, "ఆ డ్రైవరు జయరావు తప్పేముండాది? బంగారం లాంటి పిల్లోడు. అంతా పెరుమాళ్ళ ఇచ్ఛ" అని తిరుచానూరు పూలంగళ్ళ దాకా చెప్పి వచ్చారు.

"కోర్టులో ఆ మాట అనొద్దు అత్తా," అని బతిమాలాను.

"అబద్ధం చెప్పమంటావా ఏమే?"

బాషా గారు నవ్వారు. "వద్దు పెద్దమ్మా. నువ్వు చూసింది చెప్పు, చాలు."

వాయిదా రోజు బీమా కంపెనీ వకీలు తియ్యగా అడిగాడు. "ఇది దేవుడు చేసింది గానీ డ్రైవరు చేసింది కాదు. అంతేనా అమ్మా?"

"అంతే సామీ! నా కోడలికి చెప్తే ఇనదు."

కోర్టంతా నవ్వింది. బీమా వకీలు కులాసాగా కూర్చున్నాడు. నా ఆపరేషన్ అక్కడే ఆగిపోయిందనుకుని వల్లిని దగ్గరికి లాక్కున్నాను.

బాషా గారు లేచారు. "జయరావు మంచోడంటివే పెద్దమ్మా, ఏం చూసి అంటివి?"

"ఏం చూసేదేంది బాషా! కొండ కనిపించింది. బస్సులో అందరం గోవిందా అంటిమి. ఆ పిల్లోడూ అన్నాడు. ఏదో మొక్కుబడిగా ఒంటిచెయ్యి ఎత్తడం కాదు. రెండు చేతులూ జోడించి దండం పెట్టినాడు!"

జడ్జిగారి కలం ఆగింది. "స్టీరింగు వదిలేసా?"

"వదలకుంటే రెండు చేతులూ యాడ కలస్తాయి సామీ?"

"కళ్ళు?"

"మూసుకున్నాడు. కండ్లు తెరుచుకుని పెట్టేది కూడా ఒక దండమేనా?"

బీమా వకీలు సగం లేచి మళ్ళీ కూలబడ్డాడు. జడ్జిగారు కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

వరండాలోకి రాగానే అత్తగారు నన్ను నిలేశారు. "నేనేం తప్పు చెప్పినానని నవ్వతారే అందరూ?"

"ఏం తప్పు చెప్పలేదు అత్తా," అన్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు.

జయరావు గోడవారగా నిలబడి ఉన్నాడు. అత్తగారు గబగబా వెళ్ళారు. "నీ కొలువుకేమన్నా ముప్పా నాయనా?"

"లేదమ్మా. డబ్బు బీమావాళ్ళు కడతారంట. నేనిప్పుడు కొండ కనిపిస్తే ఆరన్ కొడతా, అంతే."

"అది మేలు. నీ వంతు దండం మేం పెడతాంలే."

నెల తిరిగేసరికి తీర్పు వచ్చింది. తప్పు డ్రైవరుదేననీ, ఆపరేషన్ ఖర్చుతో సహా బీమా కంపెనీ ఇవ్వాలనీ. అందులోని కోర్టు భాష నాకు సరిగా అర్థం కాక బాషా గారి చేత రెండుసార్లు చదివించుకున్నాను. డబ్బు చేతికందాక వేలూరు ప్రయాణానికి అత్తగారే సంచీ సర్దారు.

"రైల్లో పోదామా అత్తా? నాకు బస్సంటే భయం."

"బస్సులోనే పోదాం," అన్నారావిడ. "డ్రైవరు వెనక సీటు నాకు పట్టి పెట్టమని మీ ఆయనకు చెప్పు. దోవలో ఎన్ని గుళ్ళొస్తాయో ఏమో, దండం బదులు ఆరన్ కొట్టమని వానికి గుర్తు చేసేదానికి ఎవరో ఒకరుండాల గదా!"