ఇరవయ్యో వాయిదా

సాక్షికి జ్వరమని ఈ చేత్తోనే రాశాను. నేను రాస్తున్నప్పుడు ఆ సాక్షి కోర్టు ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని దోసె తింటున్నాడు.

కూలి చేసుకునే అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా, నేను చేసిన తప్పుతోనే ఈ సంగతి మొదలుపెట్టాలి. నా పేరు కరుణాకరం. 1938లో ఇనాందారు నరసింహారావు తరఫు వకీలు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆ రోజు నేను రాసిన కాగితం చూసి, కేసు వినే జడ్జీ మునసబు ఒక్క మాట అన్నాడు. పిచ్చమ్మ కేసు పందొమ్మిదోసారి వాయిదా పడింది.

పిచ్చమ్మది అర్ధవీడు అవతల ఊట్లవాగుపల్లె. భర్త పోయాక మూడెకరాల చేను తనే చేసుకుంటోంది. ఆ చేను తనదని, ఖాళీ చెయ్యాలని ఇనాందారు దావా వేసి నాలుగేళ్ళయింది. ప్రతి వాయిదాకీ ఆమె రోజున్నర నడిచి వచ్చేది.

వరండాలో ఆమె నన్ను ఆపింది.

"నాయనా, లోపల ఏమనిరి? అంతా ఇంగ్లీషులోనే అయిపాయె."

"వాయిదా పడిందమ్మా. వాళ్ళ సాక్షికి జ్వరం."

"జ్వరం ఏంది? ఇప్పుడే హోటల్లో చూసినా. నన్ను చూసి నవ్వినాడు గూడా." ఆమె గొంతు పెంచలేదు. "పోయిన వాయిదాకు ఒక ఎద్దును అమ్మినా. ఇప్పుడు రెండోదీ అమ్మాల. ఆ పైన కేసు గెలిచి మాత్రం దేంతో దున్నేది?"

ఇనాందారు కోర్టుకు వచ్చింది గెలవడానికి కాదు. కేసు ఎంతకాలం నడిస్తే రైతు అంత చితికిపోతాడు, చివరికి చేను తనంతట తానే వదిలేస్తాడు. మా వకీలుకు ఇది తెలుసు. నాకూ తెలుసు. తెలిసే నాలుగేళ్ళు జీతం తీసుకున్నాను.

ఆ సాయంత్రమే పని మానేశాను. మూడో రోజు ఊట్లవాగుపల్లె చేరాను.

కళ్ళంలో జనం పోగయ్యారు. రామయ్య అనే రైతు నా మీదికి లేచాడు.

"ఇన్నాళ్ళూ ఇనాందారు కూడు తిని, ఇప్పుడు మాకు బుద్ధులు చెప్పేదానికి వచ్చినావా?"

"తిన్నాను. అందుకే వాళ్ళ గుట్టు తెలుసు. ఈ ఊరి మీద ఇరవై ఏడు కేసులున్నాయి. పదహారు ఇనాందారు వేసినవి. తక్కిన పదకొండూ మీరు మీలో మీరే వేసుకున్నవి. పిచ్చమ్మ మీద నీ చేత గట్టు దావా వేయించింది ఎవరు రామయ్యా?"

రామయ్య మళ్ళీ కూర్చున్నాడు.

"ఆయనే. ఖర్చు నేను పెట్టుకుంటా, నువ్వు ఎయ్యమనినాడు."

"ఎంత గట్టు?"

"మూరెడు."

పిచ్చమ్మ లేచి నిలబడింది.

"ఆ మూరెడూ దున్నుకో పో రామయ్యా, నాకొద్దు. ఏడేండ్లుగా నీ ఇంటి ముందర మొగం తిప్పుకోని పోతాండా. నాకు యాష్టకొచ్చింది, ఇంక నా చేత గాదు."

"దున్నను వదినా." అన్నాడు రామయ్య. "దావా వాపసు తీసుకుంటా. గట్టు ఆడనే ఉండనీ. ఇద్దరం దాని మీద నడుద్దాం."

ఆ పగలే పదకొండు తగాదాలూ తెగాయి. అన్నీ మెత్తగా తెగలేదు. దానమ్మా, ఆమె మరిదీ కొట్టుకునేదాకా పోయారు. వాళ్ళ ఉమ్మడి బావిలో ఎవరు ఏ రోజు మోట తోలాలో తేలేసరికి పొద్దు వాలింది. కానీ తేలింది. స్టాంపు కాగితం లేదు, వకీలు లేడు, ఎవరికీ అర్థం కాని మాట ఒక్కటి లేదు.

"మనయి మనం తీర్చుకుంటిమి. ఇనాందారు కేసులు ఏం చేద్దాం?" అని అడిగింది దానమ్మ.

"కోర్టుకే పోదాం. ఒక్కొక్కరం గాదు, ఊరంతా పోదాం," అంది పిచ్చమ్మ.

ఇరవయ్యో వాయిదాకు ఊరంతా కదిలింది. దారి పొడుగునా వేరే ఊళ్ళవాళ్ళూ కలిశారు. కోర్టు చేరేసరికి రెండు వందల మందయ్యాం. లోపల ఇనాందారు వకీలు లేచి మళ్ళీ జ్వరం కాగితం అందించాడు. పిచ్చమ్మ మునసబు ఎదుటికి నడిచింది.

"అయ్యా, నా చేను సంగతి నాకు తెలిసే మాటల్లో చెప్పండి. వాయిదా అడిగినోడే నా కూలి, నా దారి ఖర్చు కట్టాల. అట్ల కాదంటే మా ఊరికొచ్చి, చేను చూసి తీర్పు చెప్పండి."

"ఈమెను బయటికి పంపండి!" అన్నాడు మునసబు.

అప్పుడు నేను ముందుకొచ్చాను.

"ఆ సాక్షికి ఏనాడూ జ్వరం లేదు. పోయినసారి కాగితం రాసింది నేనే. ఎవరు రాయమన్నారో కూడా చెబుతాను."

ఇనాందారు నరసింహారావు కుర్చీలోంచి లేచాడు. మునసబు బల్ల గుద్ది, "కేసు వాయిదా!" అన్నాడు.

జనం కూర్చున్నారు. గుమ్మంలో, వరండాలో, మెట్ల మీద, ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు.

"వాయిదా వద్దు! ఇయ్యాలే వినాల!"

పోలీసులు వచ్చారు. లాఠీలు లేచాయి. రామయ్య తల పగిలింది. అతన్నీ, పిచ్చమ్మనీ, నన్నూ సబ్‌జైల్లో వేశారు. ఇంకెప్పుడూ కోర్టుకు గుంపుగా రామని రాసి వేలిముద్ర వేస్తే వదిలేస్తామన్నారు. పిచ్చమ్మ బొటనవేలు పిడికిట్లో మూసుకుంది.

నాలుగో రోజు దానమ్మ జైలు గేటు దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వదినా! మనోళ్ళు ఇంకా ఆడనే కూర్చోనుండారు. పొదిలి నుంచి కేసులున్నోళ్ళు వచ్చినారు. కనిగిరోళ్ళు దారిలో ఉండారంట. కోర్టు కాడ కూర్చునేదానికి జాగా చాలడంలా!"

పిచ్చమ్మ ఊచలు పట్టుకుని గట్టిగా కేకేసింది.

"చాలకుంటే బజార్లో కూర్చోండి!"