ముగ్గురికే ఇల్లు

ఆ ఊళ్ళో వచ్చే ఆగస్టుకి కావలసిన అద్దె ఇంటిని ఈ అక్టోబరులోనే పట్టుకోవాలి. చెట్ల ఆకులు పూర్తిగా రాలకముందే మంచి ఇళ్ళన్నీ అయిపోతాయి. కాలేజీలో చేరి రెండు నెలలు కాని పిల్లలు కూడా, వచ్చే ఏడు ఎవరితో కలిసి ఉండాలో అప్పుడే తేల్చుకోవాలి. పెళ్ళికి కూడా ఎవరూ అంత తొందర పెట్టరు.

రాయిస్‌కి ఆ తొందర కొత్త. వాళ్ళది పాడి మీద బతికే ఇల్లు. తెల్లవారుజామున తండ్రీ అతనూ ఆవుల పొదుగులకు మిషన్లు తగిలిస్తూ రెండు గంటలు మాట లేకుండా పని చేసేవారు. హాస్టల్లో అతనితో గది పంచుకున్న టానర్ మాత్రం మాటల పుట్ట. టానర్ వల్లే పై అంతస్తు వాళ్ళు గ్రేడీ, కోల్బీ తోడయ్యారు. నలుగురూ కలిసి మెస్సుకి వెళ్ళేవారు. ముగ్గురు మాట్లాడేవారు, రాయిస్ నవ్వేవాడు. అతనికి అదే చాలు. పుట్టి బుద్ధెరిగాక అతనికి దొరికిన మొదటి స్నేహం అది.

ఆదివారం నలుగురూ ఇల్లు చూడటానికి వెళ్ళారు. పసుప్పచ్చ రంగు వేసిన పాత చెక్క ఇల్లు. ముందు వసారాలో ఎవరో వదిలేసి పోయిన సోఫా. ఇంటావిడ హాల్వర్సన్ గారు మోకాళ్ళు పట్టుకుని మేడ ఎక్కి మూడు గదులు చూపించింది. తర్వాత నేల కింది గదిలోకి దిగారు. చోటు లేక రాయిస్ మెట్ల మీదే ఆగిపోయాడు.

“ఇది పడకగది కాదు నాయనా. ఆ కిటికీ చూడు, పిల్లి కూడా పట్టదు. అగ్గి అంటుకుంటే మనిషి ఎటు పోతాడు?” అంది ఆవిడ. “అదీగాక, చుట్టరికం లేనివాళ్ళు ఒక ఇంట్లో ముగ్గురికి మించి ఉండకూడదని ఊరి రూలు. కాగితం మీద మూడు పేర్లే రాస్తాను.”

ఆ సాయంత్రం మెస్సులో అదే మాట వచ్చింది.

“మూడు పేర్లే రాయిద్దాం. నాలుగోవాడు ఊరికే ఉంటాడు. ఊళ్ళో సగం ఇళ్ళలో అంతే,” అన్నాడు కోల్బీ.

“ఊరి ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి చూస్తే?” అన్నాడు గ్రేడీ.

“చుట్టపు చూపుగా వచ్చాడందాం. ఏడాదైనా కదలని చుట్టం!” అన్నాడు కోల్బీ.

“సరే, మరి ఆ చుట్టం ఎవడు?” అన్నాడు టానర్.

గ్రేడీ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. కోల్బీ ఫోర్కుతో రాయిస్‌ని చూపించాడు.

“వీడే. ఏమనుకోకురా, నువ్వు ఇంట్లో ఉన్నా తెలియదు కదా. ఆఫీసరు వచ్చి నీ పక్కనే నిలబడ్డా గోడ అనుకుని పోతాడు.”

ముగ్గురూ నవ్వారు. అలవాటు కొద్దీ రాయిస్ కూడా నవ్వాడు.

“ఛ, ఊరుకోరా,” అన్నాడు టానర్, ఇంకా నవ్వుతూనే. “కానీ రాయిస్, నీకేం ఫర్వాలేదు కదా? కింద హీటరు పక్కనే, వెచ్చగా ఉంటుంది.”

“చూస్తాను,” అన్నాడు రాయిస్.

వచ్చే ఏడు హాస్టల్లో ఉంటారో మానేస్తారో శుక్రవారం ఐదింటికల్లా చెప్పాలి. ఉంటానంటే ముక్కూ మొహం తెలియనివాడితో మళ్ళీ గది పంచుకోవాలి. పోతానంటే ఏడాది పొడుగునా సొంత ఇంట్లో దొంగలా ఉండాలి. ఉత్తరం కూడా ఆ ఇంటికి రాకూడదు. తలుపు తడితే తీయకూడదు. అయినా వెళ్ళాలనే ఉంది అతనికి. వాళ్ళు లేకపోతే ఇంకెవరున్నారు?

ఒక్క మాట అడగాలనుకున్నాడు. ‘నేనే ఎందుకు? చీటీలు వేద్దాం.’ పళ్ళు తోముకుంటూ అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు. సోమవారం టానర్ గదిలోకి వస్తూనే సోఫాకి కొత్త గుడ్డ కుట్టిద్దామన్నాడు. మంగళవారం గ్రేడీ కుక్కని తెద్దామన్నాడు. మాటకి సందు దొరకలేదు. బుధవారానికి కోల్బీ అందరితో చెప్పేశాడు, రాయిస్ కింది గదికి ఒప్పుకున్నాడని. ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే కదా.

గురువారం క్లాసు అయ్యాక రాయిస్ ఒక్కడే ఆ ఇంటి దాకా నడిచాడు. హాల్వర్సన్ గారు పెరట్లో ఆకులు కుప్ప పోస్తోంది.

“ఏం కావాలి నాయనా? ఇల్లు ఇచ్చేశాను. రేపు సంతకాలు.”

“తెలుసండీ. ఆదివారం నేనూ వచ్చాను.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అతని మొహంలోకి చూసింది. “నువ్వా? ఆ రోజు ముగ్గురే వచ్చారే! ఎర్రజుట్టు అబ్బాయి, పొడుగు అబ్బాయి, అస్తమానం వాగే అబ్బాయి.”

రాయిస్ నోరు తెరిచాడు. చెప్పడానికి బోలెడుంది. కానీ నాలుగోవాడు ఉన్నాడని చెబితే వాళ్ళ ఇల్లు పోతుంది.

“అవునండీ, ముగ్గురే,” అన్నాడు.

మర్నాడు మూడింటికి హాస్టల్ ఆఫీసుకి వెళ్ళి కాగితం నింపాడు. గదిలో తోడుగా ఎవరు కావాలో రాయమని ఒక గీత ఉంది. దాన్ని ఖాళీగా వదిలి ఇచ్చాడు. కిటికీ అవతలి అమ్మాయి “ఎవరైనా ఫర్వాలేదా?” అని అడిగింది. ఫర్వాలేదన్నాడు.

మెస్సులో ముగ్గురితో చెప్పాడు. “నేను హాస్టల్లోనే ఉంటాను.”

ముగ్గురూ నమలడం ఆపారు.

“అదేంటిరా!” అన్నాడు టానర్.

“అక్కడ నాకు కుదరదు.”

“నీ ఇష్టం,” అన్నాడు టానర్, కొంచెం తొందరగానే. “రోజూ వచ్చేస్తుండు మరి. నీకు తాళంచెవి కూడా చేయిస్తాం. కోపం లేదుగా?”

“లేదు.”

“అయితే కింది గదిలో పింగ్‌పాంగ్ బల్ల వేసుకోవచ్చు!” అన్నాడు కోల్బీ. గ్రేడీ మొహం విప్పారింది. కూరముక్క చల్లారేలోపల బల్ల ఎక్కడ దొరుకుతుందో కూడా తేల్చేశారు.

ఆ ఆదివారం గది కొలవడానికి వెళుతూ అతన్నీ పిలిచారు. రాయిస్ వెళ్ళాడు. కోల్బీ టేపు లాగుతూ, “కొస గోడకి ఆనించి గట్టిగా పట్టుకోరా,” అన్నాడు. రాయిస్ హీటరు పక్కకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. అక్కడ నిజంగానే వెచ్చగా ఉంది.

“పడుతుంది! ఇంకా రెండడుగులు మిగులుతుంది!” అని అరిచాడు కోల్బీ. “ఇంక వదిలెయ్.”

వదిలాడు. టేపు సర్రున వెనక్కి పోయింది. ముగ్గురూ దబదబా మెట్లెక్కి, పెద్ద కిటికీ ఉన్న గది నాదంటే నాదని పైన పోట్లాడుకుంటున్నారు. రాయిస్ కాసేపు హీటరు దగ్గరే కూర్చుని విన్నాడు. ఎవరైనా పిలుస్తారేమోనని కాదు. మాటలు బాగా వినిపిస్తున్నాయని.